127 అనే మౌనం

షట్‌డౌన్ చేసేవరకు అంతా సవ్యంగానే నడుస్తుంది. వర్చువల్ మెషీన్‌లోని విండోస్ ఎప్పటిలాగే ఆగుతుంది, లిస్టులో దాని పక్కనున్న పచ్చగుర్తు ఆరిపోతుంది. అరగంట తర్వాత మళ్లీ స్టార్ట్ నొక్కితే మాత్రం అది లేవదు. తెరమీద ఒక ఎర్రటి వాక్యం కనిపిస్తుంది: పీసీఐ హెడర్ టైప్ 127, ఇదేమిటో తెలియదు. ఆ వర్చువల్ మెషీన్‌కు నేరుగా అప్పగించిన ఎన్‌వీఎంఈ డ్రైవ్ పొద్దుటిదాకా చకచకా పనిచేసింది. ఇప్పుడు పేరు అడిగినా పలకడం లేదు. హోస్ట్ మెషీన్‌ను రీబూట్ చేస్తే కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు. రానివాళ్లు డ్రైవ్ చచ్చిపోయిందనే అనుకుంటారు. కొన్న ధర కన్నా ముందు అందులో దాచిన పిల్లల ఫొటోలు గుర్తొచ్చి గుండె జారుతుంది.

చాలా సందర్భాల్లో ఫొటోలు ఎక్కడికీ పోవు. డ్రైవ్‌కు మాట పడిపోయింది, అంతే.

ఆ 127 ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలిస్తే సగం భయం తీరుతుంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ దారిమీద కూర్చున్న ప్రతి పరికరంలోనూ కాన్ఫిగరేషన్ స్పేస్ అని ఒక చిన్న పట్టిక ఉంటుంది. తయారుచేసిన కంపెనీ నంబరు, మోడల్ నంబరు, తాను ఏ జాతి పరికరం అన్న వివరాలు అందులో ఉంటాయి. వాటి మధ్యలోనే హెడర్ టైప్ అనే ఒక బైటు. మామూలు పరికరమైతే అందులో 0 ఉంటుంది, బ్రిడ్జి అయితే 1, పాత ల్యాప్‌టాప్‌ల కార్డ్‌బస్ బ్రిడ్జి అయితే 2. 127 అనే జాతి పీసీఐ లోకంలో లేదు. పరికరం బదులివ్వకపోతే ప్రాసెసర్ వైపున్న రూట్ కాంప్లెక్స్ ఆ ఖాళీని ఒకట్లతో నింపి పంపుతుంది. ఎనిమిది బిట్లూ ఒకట్లయితే ఆ విలువ 255. వాటిలో అన్నిటికన్నా పై బిట్టు చెప్పేది వేరే సంగతి: ఆ పరికరంలో ఒకటికి మించి ఫంక్షన్లు ఉన్నాయా లేదా అని. అందుకే సాఫ్ట్‌వేర్ దాన్ని తీసి పక్కన పెడుతుంది. 255లోంచి 128 తీసేస్తే మిగిలేది 127.

తాళం వేసిన ఇంటి తలుపు కొడితే లోపలి నుంచి వినిపించేది మనం కొట్టిన చప్పుడే. 127 అలాంటి ప్రతిధ్వని. అది జబ్బు పేరు అనుకుని దానికి మందు వెతికితే రోజులు గడిచిపోతాయి. అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: డ్రైవ్ ఏ మెట్టు దగ్గర పలకడం మానేసింది?

అసలు ఒక పరికరాన్ని వర్చువల్ మెషీన్ చేతిలో పెట్టడం ఈనాటి ఆలోచన కాదు. 1972లో ఐబీఎం విడుదల చేసిన వీఎం/370లో ఒక్కొక్క వాడుకరికి తనదే అనిపించే ఒక కంప్యూటర్ దొరికేది. చాలా పరికరాలు అందరూ పంచుకునేవే. అయినా ఫలానా టేప్ డ్రైవ్ ఫలానా వర్చువల్ మెషీన్‌కే చెందాలని ముందే రాసి పెట్టుకోవచ్చు, లేదా ఆపరేటర్ ఎటాచ్ కమాండ్‌తో అప్పటికప్పుడు తగిలించవచ్చు. పని అయ్యాక డిటాచ్. అప్పగింత, వాపసు అనే రెండు మాటలూ ఆనాటి నుంచే జంటగా ఉన్నాయి.

ఈ కాలపు లినక్స్‌లో ఆ పని చేసేది వీఎఫ్‌ఐఓ. 2012లో వచ్చిన 3.6 కెర్నల్‌తో అది ప్రధాన స్రవంతిలో చేరింది. పద్ధతి వినడానికి తేలికే. హోస్ట్ తన సొంత ఎన్‌వీఎంఈ డ్రైవర్‌ను ఆ పరికరం మీది నుంచి విడిపిస్తుంది, ఆ చోట వీఎఫ్‌ఐఓ డ్రైవర్ కూర్చుంటుంది, వర్చువల్ మెషీన్‌లోని విండోసో లినక్సో ఆ డ్రైవ్‌తో నేరుగా మాట్లాడుతుంది. మధ్యవర్తి ఉండడు కాబట్టి వేగం దాదాపు అసలు యంత్రం మీద ఉన్నంతే ఉంటుంది. ఆ డ్రైవ్ హద్దు మీరి పక్కవాళ్ల మెమరీలో వేలు పెట్టకుండా ఐఓఎంఎంయూ అనే కాపలా ఉంటుంది. ఇంటెల్ దాన్ని వీటీ-డీ అంటుంది, ఏఎండీ ఏఎండీ-వీఐ అంటుంది.

అద్దె ఇల్లు ఉన్నవాళ్లకు వాపసు సంగతి చెప్పక్కర్లేదు. పాతవాళ్లు ఖాళీ చేశాక సున్నం వేయించి, కుళాయిలు చూసి, తాళం మార్చి గాని కొత్తవాళ్లను దింపరు. డ్రైవ్ విషయంలో ఆ సున్నం వేయడమే రీసెట్. వర్చువల్ మెషీన్‌లోని డ్రైవర్ పని మొదలుపెట్టగానే మెమరీలో కొన్ని క్యూలు కట్టి, వాటి చిరునామాలను డ్రైవ్‌కు చెప్పి ఉంచుతుంది: ఆదేశాలు ఇక్కడ పెడతాను, జవాబులు అక్కడ రాయి అని. ఆ వర్చువల్ మెషీన్ పోయాక కూడా డ్రైవ్‌కు ఆ చిరునామాలు గుర్తుంటాయి. పూర్వవాసన వదలదు. పాత చిరునామాకు అది జవాబు రాయబోతే ఐఓఎంఎంయూ అడ్డుకుంటుంది నిజమే, కానీ ఆ డ్రైవ్ కొత్త యజమానికి సరిగా పనిచేయాలంటే పాత జ్ఞాపకమంతా తుడిచిపెట్టుకుపోవాలి. అందుకే వీఎఫ్‌ఐఓ ఒక పరికరాన్ని తెరిచేటప్పుడు ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి రీసెట్ చేయడానికి ప్రయత్నిస్తుంది.

చిక్కంతా ఇక్కడ మొదలవుతుంది. ఇంట్లో వాడే కంప్యూటర్‌లో ఒక డ్రైవ్ జీవితం చాలా సాదా. కరెంటు వస్తుంది, మదర్‌బోర్డు రీసెట్ తీగను ఒకసారి లాగి వదులుతుంది, డ్రైవ్ లేస్తుంది, సాయంత్రం దాకా పనిచేసి పడుకుంటుంది. కరెంటు ఉండగానే, పక్కవాళ్లెవరూ కదలకుండా, ఆ ఒక్క పరికరాన్నే ఉన్నపళాన తుడిచి కొత్తగా లేపే పని వర్చువల్ మెషీన్ల లోకంలో తప్ప చాలా అరుదు. లక్షల కంప్యూటర్లలో ఏ ఇబ్బందీ పెట్టని మోడల్ పాస్‌త్రూ చేసిన (అంటే వర్చువల్ మెషీన్‌కు నేరుగా అప్పగించిన) మొదటి రోజే మొరాయించడానికి కారణం అదే. దాని ఫర్మ్‌వేర్‌లోని ఆ మూల దాకా అంతకుముందు ఎవరూ వెళ్లి ఉండరు.

రీసెట్ అని ఒకే మాట వాడుతున్నా దాని వెనుక కొన్ని మెట్లున్నాయి. అన్నిటికన్నా లోపలిది ఎన్‌వీఎంఈకి సొంతమైనది. 2011 మార్చిలో వెలువడిన ఎన్‌వీఎంఈ 1.0 నిర్దేశం ప్రకారం కంట్రోలర్‌లో ఎనేబుల్ అనే బిట్టు ఒకటుంది. దాన్ని సున్నా చేస్తే కంట్రోలర్ పని ఆపాలి, ఆగాక రెడీ అనే మరో బిట్టును తానే సున్నా చేసి ఆగానని తెలపాలి. మళ్లీ ఒకటి చేస్తే మొదటి నుంచి లేవాలి. ఎంతసేపు ఓపిక పట్టాలో కూడా డ్రైవే ముందుగా చెబుతుంది. అర సెకను కొలతలో చెప్పే ఆ అంకెకు ఎనిమిది బిట్లే ఇచ్చారు కాబట్టి గరిష్ఠంగా అది 127.5 సెకన్లు.

దానికి బయటి మెట్టు ఫంక్షన్ లెవెల్ రీసెట్. సాంకేతికులు ఎఫ్‌ఎల్‌ఆర్ అంటారు. ఇది ఎన్‌వీఎంఈది కాదు, పీసీఐ ఎక్స్‌ప్రెస్‌ది. నెట్‌వర్క్ కార్డయినా డ్రైవ్ అయినా ఒకటే బిట్టు. లింకును కదపకుండా ఆ ఒక్క ఫంక్షన్‌నే తుడవాలి, 100 మిల్లీసెకన్లలో పని ముగించాలి. పాస్‌త్రూకు ఇంతకన్నా అనువైనది లేదు. ఆ సదుపాయం లేని పరికరాల కోసం ఇంకో దారి ఉంది: పవర్ స్థితిని గాఢనిద్ర లాంటి డీ3 దాకా దించి మళ్లీ పూర్తి మెలకువైన డీ0కు లేపడం. అయితే ఇలా నిద్రపుచ్చి లేపినంత మాత్రాన నేనేమీ మరిచిపోనని ఒక బిట్టు ద్వారా ముందే చెప్పుకునే పరికరాలు ఉన్నాయి. వాటి దగ్గర ఆ దారి మూసుకుపోయినట్టే. ఆ తర్వాతిది బస్ రీసెట్. పైనున్న బ్రిడ్జిని పట్టుకుని దాని కిందున్న వీధి మొత్తాన్ని ఒకేసారి కుదిపేయడం అది. ఆ వీధిలో ఇంకెవరైనా కాపురం ఉంటే వాళ్లూ కదిలిపోతారు గనుక లినక్స్ దీన్ని చివరికి ఉంచుకుంటుంది. అన్నిటికన్నా బయటిది కరెంటు తీసేయడం.

2021లో వచ్చిన 5.15 కెర్నల్ నుంచి ఈ మెట్ల వరుసను ప్రతి పరికరానికీ విడిగా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు కూడా. పరికరాల వివరాలను కెర్నల్ ఫైళ్లుగా చూపే సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ పరికరం ఫోల్డర్‌లో రీసెట్ మెథడ్ పేరుతో ఒక ఫైలుంటుంది. దాన్ని చదివితే ఈ డ్రైవ్‌కు ఎఫ్‌ఎల్‌ఆర్, బస్ అనే రెండు దారులున్నాయనో, ఒక్కటే ఉందనో తేలుతుంది. అంతకుముందు ఇదంతా కెర్నల్ తనలో తాను నిర్ణయించుకునే విషయం. ఈ చిన్న ఫైలు వచ్చాక ఇళ్లలో సర్వర్లు నడిపేవాళ్లకు దొరికిన స్వేచ్ఛ తక్కువది కాదు: ఎఫ్‌ఎల్‌ఆర్ తట్టుకోలేని డ్రైవ్‌ను కెర్నల్ మార్చకుండానే బస్ రీసెట్‌కు మళ్లించవచ్చు.

ఎఫ్‌ఎల్‌ఆర్ విఫలమైతే లాగ్‌లో కనిపించే వరుస ఒకటుంది. ఒకసారి చూసినవాళ్లు మరచిపోరు. ఎఫ్‌ఎల్‌ఆర్ జరిగి 1023 మిల్లీసెకన్లయింది, పరికరం ఇంకా సిద్ధంగా లేదు, ఎదురుచూస్తున్నాను. తర్వాత 2047. తర్వాత 4095, 8191, 16383, 32767. చివరికి 65535 దగ్గర, వదిలేస్తున్నాను అన్న మాట. ఈ అంకెలు యాదృచ్ఛికం కావు. కెర్నల్ మొదట ఒక మిల్లీసెకను ఆగి అడుగుతుంది, జవాబు లేకపోతే రెండు ఆగుతుంది, తర్వాత నాలుగు, ఎనిమిది, అలా ప్రతిసారీ రెట్టింపు. ఒకటి నుంచి 512 దాకా కూడితే 1023. ఆగాల్సిన గడువు ఒక నిమిషం దాటగానే చేతులెత్తేస్తుంది. 100 మిల్లీసెకన్లలో లేవాల్సిన పరికరం కోసం కెర్నల్ అరవై అయిదు సెకన్లు ఎదురుచూసిందన్నమాట. ఈ వరుస లాగ్‌లో ఉంటే సంగతి స్పష్టం: వర్చువల్ మెషీన్ సెట్టింగ్‌లలో తప్పు వెతకక్కర్లేదు, డ్రైవ్ రీసెట్‌లోకి వెళ్లి తిరిగి రాలేదు.

సామ్‌సంగ్ ఎస్‌ఎం961, పీఎం961 డ్రైవ్‌ల కథ ఇక్కడ చెప్పుకోవాలి. వాటి కంట్రోలర్ ఎఫ్‌ఎల్‌ఆర్ తర్వాత కొన్నిసార్లు పూర్తిగా మూగబోయేది. కాన్ఫిగరేషన్ స్పేస్‌లో ఏది చదివినా అన్నీ ఒకట్లే. ప్రతిసారీ జరిగితే పట్టుకోవడం తేలిక. కొన్నిసార్లే జరగడం వల్ల అది పాస్‌త్రూ చేసేవాళ్ల సహనానికి పరీక్ష అయింది. కారణాన్ని వెతికితే తేలింది మెట్ల వరుసలోని ఒక లోపం: ఎన్‌వీఎంఈ కంట్రోలర్ ఇంకా పనిచేస్తూ ఉండగా పైనుంచి ఎఫ్‌ఎల్‌ఆర్ పడితే ఈ డ్రైవ్ తట్టుకోలేకపోతోంది. లోపలి మెట్టు ముందు దిగి, అంటే ఎనేబుల్ బిట్టును సున్నా చేసి, రెడీ బిట్టు ఆరేదాకా ఆగి, ఆ తర్వాత ఎఫ్‌ఎల్‌ఆర్ చేస్తే అది ప్రశాంతంగా లేస్తోంది. 2018లో లినక్స్ కెర్నల్‌లో ఈ మోడల్ కోసం ప్రత్యేకంగా ఆ వరుసనే రాసి పెట్టారు. పీసీఐ నిర్దేశం ప్రకారం అలా ఆపి చేయాల్సిన అవసరం లేదు. ఎఫ్‌ఎల్‌ఆర్ ఎప్పుడు పడినా పరికరం తట్టుకోవాలి. నిర్దేశం ఒకటి, సిలికాన్ ఒకటి అయినప్పుడు సర్దుకునేది ఎప్పుడూ సాఫ్ట్‌వేరే.

అదే ఏడాది ఇంటెల్ డీసీ పీ3700కూ ఒక సవరణ వచ్చింది. ఇది డేటా సెంటర్ల కోసం తయారైన డ్రైవ్, చౌకరకం కాదు. దాని ఇబ్బంది ఇంకో తీరుది. ఎఫ్‌ఎల్‌ఆర్ తర్వాత అది పలుకుతుంది, కాన్ఫిగరేషన్ స్పేస్ బాగానే కనిపిస్తుంది, కానీ అప్పుడే డ్రైవర్ తొందరపడి పలకరిస్తే కంట్రోలర్ రెడీ స్థితికి రాకుండా ఉండిపోతుంది. మందు ఏమిటంటే 250 మిల్లీసెకన్లు ఊరుకోవడం. ఆ 250 ఏ సూత్రం నుంచీ వచ్చింది కాదు, ప్రయోగాల్లో నికరంగా పనిచేసిందని తేలిన అంకె. కెర్నల్ కోడ్‌లో ఆ పక్కనే ఉన్న వ్యాఖ్య ఆ సంగతి దాచకుండా చెబుతుంది. 2023లో సాలిడైమ్ పీ44 ప్రో అనే డ్రైవ్‌కు కూడా అదే పావు సెకను విరామం చేర్చాల్సి వచ్చింది. కెర్నల్‌లోని ఈ సవరణలను క్విర్క్‌లు అంటారు. వాటిని వరసగా చదువుతుంటే ఊరి వైద్యుడి చేతిరాత పుస్తకం చూసినట్టుంటుంది: ఈయనకు ఈ మందు పడదు, ఆవిడకు కాస్త ఆగి ఇవ్వాలి.

సామ్‌సంగ్‌ది, ఇంటెల్‌ది పైకి ఒకేలా కనిపించే వైఫల్యాలు. రెండిట్లోనూ వర్చువల్ మెషీన్‌కు డ్రైవ్ దొరకదు. తేడా తెలిసేది కంట్రోలర్ స్థితి రిజిస్టర్ దగ్గర. లాగ్‌లో సీఎస్‌టీఎస్ పేరు పక్కన ఎనిమిది ఎఫ్‌లు ఉంటే అది మళ్లీ మన 127 లాంటిదే, అన్నీ ఒకట్లే, పరికరం దారిమీదనే లేదు. అక్కడ 1, 3 లాంటి చిన్న విలువ ఉంటే పరిస్థితి వేరు. లింకు బతికే ఉంది, రిజిస్టర్లు పలుకుతున్నాయి, లోపలి కంట్రోలర్ మాత్రం చెప్పినట్టు ఆగడం గాని లేవడం గాని లేదు; 3 అయితే తనకు ప్రాణాంతకమైన తప్పు జరిగిందని కూడా తానే చెబుతోంది. మొదటిదానికి బస్ రీసెట్టో కరెంటు తీయడమో కావాలి. రెండోదానికి ఎఫ్‌ఎల్‌ఆర్ ఒక్కటీ సరిపోవచ్చు. ఒక్క రిజిస్టర్ విలువ చూడకుండా గంటల తరబడి బయోస్ సెట్టింగ్‌లు తిప్పేవాళ్లు ఎంతోమంది. వారి శ్రమ చూస్తే బాధ కలుగుతుంది.

ఇంకో పొరపాటు కూడా ఇలాగే పుడుతుంది. డీ3కోల్డ్ నుంచి డీ0కు మార్చలేకపోయాను, పరికరం అందడం లేదు అన్న వాక్యం చూడగానే చాలామంది పవర్ సేవింగ్ మీద పడతారు. పాత కెర్నళ్లలో అదే, పవర్ స్థితి మార్చుకోవడానికి నిరాకరించింది, ప్రస్తుతం డీ3లో ఉంది అని కనిపించేది. పవర్ స్థితిని చెప్పే చోటు రెండు బిట్లు. పరికరం పలకకపోతే ఆ రెండూ ఒకట్లవుతాయి, ఒకటీ ఒకటీ కలిస్తే ద్విసంఖ్యామానంలో 3. డ్రైవ్ నిద్రలో ఉందన్న కబురు ఆ డ్రైవ్ నుంచి రాలేదు. మౌనాన్ని పాత కెర్నల్ 3గా చదివింది, కొత్త కెర్నల్ అందని పరికరాన్ని డీ3కోల్డ్ కింద జమకట్టింది.

అలాగని నిద్ర ఎప్పుడూ నిర్దోషి అని కాదు. వీఎఫ్‌ఐఓ చేతిలో ఖాళీగా ఉన్న పరికరాన్ని అది డీ3లోకి దించుతుంది. కొన్ని డ్రైవ్‌లు ఆ నిద్రలోంచి నిజంగానే లేవలేవు. అటువంటప్పుడు వీఎఫ్‌ఐఓకే ఒక ఎంపిక ఉంది, ఖాళీగా ఉన్నా డీ3కి పంపవద్దని చెప్పవచ్చు. ఎన్‌వీఎంఈ డ్రైవ్‌లు తమంతట తాము తక్కువ కరెంటు స్థితులకు జారుకునే ఏపీఎస్‌టీ సదుపాయాన్ని లినక్స్ 2017లో 4.11 కెర్నల్‌తో వాడటం మొదలుపెట్టింది. కొన్ని డ్రైవ్, మదర్‌బోర్డు జంటలకు అదీ పడలేదు. ఏపీఎస్‌టీ లోతును సున్నా చేసి, లింకు నిద్రను, అంటే ఏఎస్‌పీఎంను, ఆపి చూడమని కొత్త కెర్నళ్లు లాగ్‌లోనే సలహా ఇస్తాయి. ఒకటి గుర్తుంచుకోవాలి. ఏపీఎస్‌టీని నడిపేది ఆ సమయానికి డ్రైవ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు. వర్చువల్ మెషీన్‌లో విండోస్ ఉంటే హోస్ట్ లినక్స్‌లో మార్చిన ఆ సెట్టింగ్ పాస్‌త్రూ నడుస్తున్నంతసేపు పనికిరాదు.

మూగబోయిన డ్రైవ్ లోపల ఏం జరుగుతూ ఉంటుంది? ఎన్‌వీఎంఈ డ్రైవ్ కూడా ఒక చిన్న కంప్యూటరే. దానిలో సొంత ప్రాసెసర్లు ఉంటాయి, వాటిమీద ఫర్మ్‌వేర్ నడుస్తుంది. ఏ బ్లాకు ఫ్లాష్‌లో ఎక్కడుందో చెప్పే పెద్ద పట్టిక ఒకటి నిరంతరం మారుతూ ఉంటుంది. రీసెట్ ఆదేశం పీసీఐ ముఖద్వారం దగ్గర పడినప్పుడు లోపలి ప్రాసెసర్లు చెత్త ఏరుతూనో, పట్టికను ఫ్లాష్‌కు రాస్తూనో ఉండవచ్చు. మంచి ఫర్మ్‌వేర్ చేతిలో పని సర్దుకుని ద్వారం దగ్గరికి వస్తుంది. సరిగా రాయని ఫర్మ్‌వేర్‌లో ద్వారపాలకుడు ఒకదారి, లోపలివాళ్లు ఒకదారి అయి, ఒకరి కోసం ఒకరు ఎదురుచూస్తూ నిలిచిపోతారు. పద్ధతిగా షట్‌డౌన్ చేసినప్పుడు వర్చువల్ మెషీన్‌లోని డ్రైవర్ ముందుగా డ్రైవ్‌కు కబురు పెడుతుంది: ఇక ఆపుతున్నాను, సర్దుకో. స్టాప్ బటన్ నొక్కి బలవంతంగా చంపేస్తే ఆ కబురు అందదు. షట్‌డౌన్ చేస్తే తిరిగి లేచే డ్రైవ్ స్టాప్ నొక్కినప్పుడు మాత్రమే మూగబోతోందంటే అదే పెద్ద ఆధారం.

రీబూట్ చేసినా రాని డ్రైవ్ రహస్యం కూడా ఇందులోనే ఉంది. రీబూట్‌లో రీసెట్ తీగ కదులుతుంది గాని డ్రైవ్‌కు కరెంటు ఆగదు. లోపలి ప్రాసెసర్ పూర్తిగా చిక్కుబడి ఉంటే ఆ తీగను పట్టించుకోకపోవచ్చు. యంత్రాన్ని ఆపి, గోడ దగ్గర స్విచ్ తీసి, అర నిమిషం ఆగి పెడితే లేచి కూర్చుంటుంది. ఎన్‌వీఎంఈ స్మార్ట్ వివరాల్లో అన్‌సేఫ్ షట్‌డౌన్‌లు అనే లెక్క ఉంటుంది. సర్దుకో అన్న కబురు అందకుండా కరెంటు పోయిన ప్రతిసారీ అది పెరుగుతుంది. ఇలా లేపిన డ్రైవ్‌లో అది ఒకటి పెరిగి కనిపిస్తే భయపడాల్సింది లేదు. ఫైల్ సిస్టమ్‌ను ఒకసారి తనిఖీ చేయించడం మాత్రం మరవకూడదు. డ్రైవ్ కనబడలేదన్న కంగారులో, తిరిగి కనబడగానే ఫార్మాట్ చేసి మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. పోవాల్సిన అవసరం లేని డేటా అలా వాళ్ల చేతులమీదుగానే పోతుంది.

సాటా వైపు వాతావరణం వేరు. అక్కడ డ్రైవ్‌ను విడిగా అప్పగించడం కుదరదు, దాన్ని నడిపే కంట్రోలర్‌ను అప్పగించాలి. దానితోపాటు దానికి తగిలించిన డ్రైవ్‌లన్నీ వెళ్లిపోతాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌తో నడిచే ట్రూనాస్ లాంటి స్టోరేజి వ్యవస్థను వర్చువల్ మెషీన్‌లో పెట్టేవాళ్లు ఎక్కువగా చేసే పని ఇది. రీసెట్ మెట్లకు ఇక్కడ ఇంకొకటి కలుస్తుంది: కంట్రోలర్ నుంచి ఒక్కో డ్రైవ్‌కు వెళ్లే కామ్‌రీసెట్. తిరిగే పళ్లెం ఉన్న హార్డ్‌డిస్క్ వేగం పుంజుకోవడానికి సెకన్లు పడుతుంది. అందుకే లినక్స్ ఒకసారి 10 సెకన్లు, మళ్లీ 10, తర్వాత 35, చివరగా 5 చొప్పున గడువులిచ్చి ప్రయత్నిస్తుంది. మధ్యలో లాగ్‌లో, లింకు నెమ్మదిగా ఉంది, దయచేసి ఓపిక పట్టండి అని రాస్తుంది కూడా. ఆ నిమిషంలోపు వర్చువల్ మెషీన్‌ను ఆపేసి మళ్లీ మొదలుపెట్టకూడదు. ఆ మాటను అక్షరాలా పాటిస్తే చాలా డ్రైవ్‌లు తిరిగొస్తాయి.

రీసెట్ వైఫల్యంలా కనిపిస్తూ అసలు రీసెట్‌తో సంబంధమే లేని చిక్కులు రెండున్నాయి. మొదటిది కవలల సమస్య. వీఎఫ్‌ఐఓకు ఏ పరికరం పట్టుకోవాలో చాలామంది కంపెనీ నంబరు, మోడల్ నంబరు ఇచ్చి చెబుతారు. ఒకే మోడల్ డ్రైవ్‌లు రెండు కొని, ఒకదానిమీద హోస్ట్‌ను, రెండోదానిమీద వర్చువల్ మెషీన్‌ను పెట్టుకున్నవారికి ఆ నంబర్లు రెండిటికీ ఒకటే. బూట్ అయ్యేటప్పుడు వీఎఫ్‌ఐఓ రెండిటినీ లాక్కుంటుంది, హోస్ట్‌కు తన రూట్ డిస్కే దొరకదు. నంబరుతో కాకుండా చిరునామాతో కట్టేయడమే దీనికి దారి. రెండోది ఆ చిరునామాదే. కొత్తగా ఒక కార్డు గుచ్చితే పీసీఐ బస్ నంబర్లు జరిగిపోవచ్చు. నిన్నటిదాకా 01 దగ్గరున్న డ్రైవ్ ఇవాళ 02 అవుతుంది, ఆ 01లో నెట్‌వర్క్ కార్డు వచ్చి కూర్చుంటుంది. వర్చువల్ మెషీన్ స్టార్ట్ చేయగానే సర్వర్ నెట్‌వర్క్ నుంచి మాయమైతే డ్రైవ్‌ను తిట్టి లాభం లేదు.

వైద్యం వరుస కూడా మెట్లను బట్టే సాగాలి. డ్రైవ్ బాగున్న రోజునే దాని గురించి పీసీఐ పరికరాల జాబితా చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్ ఇచ్చే వివరాలు, లింకు వేగం, రీసెట్ దారుల ఫైలు, ఫర్మ్‌వేర్ వెర్షన్ కాపీ చేసి పెట్టుకోవడం ఎంతో మేలు. పోల్చడానికి ఆరోగ్యంగా ఉన్న రోజు చిత్రం చేతిలో లేకపోతే లాగ్‌ను చదవడం కష్టం. మూగబోయాక ముందు చూడాల్సింది ఎల్‌ఎస్‌పీసీఐనే. అందులో రివిజన్ దగ్గర ఎఫ్ఎఫ్ కనిపిస్తే వర్చువల్ మెషీన్ వైపు వెళ్లక్కర్లేదు. అప్పుడు పరికరాన్ని సిస్‌ఎఫ్‌ఎస్ ద్వారా తీసివేసి, బస్‌ను మళ్లీ స్కాన్ చేయించవచ్చు. లింకు బతికి ఉంటే ఇది చాలు, లేకపోతే స్కాన్‌లో డ్రైవ్ అసలు కనిపించదు, ఆ ఖాళీ కూడా ఒక జవాబే. దాని పైనున్న బ్రిడ్జి కింద వేరే ఎవరూ లేరని చూసుకుని బస్ రీసెట్ చేయడం ఆ తర్వాతి మెట్టు. సర్వర్‌ను సస్పెండ్ చేసి లేపే చిట్కా కొందరు వాడతారు. ఆ నిద్రలో స్లాట్‌కు ప్రధాన కరెంటు ఆగుతుంది కాబట్టి పూర్తిగా ఆపకుండానే డ్రైవ్‌కు కొత్త జన్మ దొరుకుతుంది. మిగతా వర్చువల్ మెషీన్లలో విలువైన పని నడుస్తుంటే మాత్రం ఆ సాహసం వద్దు.

లేచిన తర్వాత చేయాల్సిన పని ఇంకా ముఖ్యం. డ్రైవ్ ఫర్మ్‌వేర్‌కు కొత్త వెర్షన్ ఉందేమో చూడాలి. రీసెట్ లోపాలను నిజంగా నయం చేయగలిగేది అదొక్కటే, మిగతావన్నీ కట్లు. కెర్నల్ పాతదైతే మార్చాలి, మన మోడల్‌కు క్విర్క్ అప్పటికే ఎవరో రాసి ఉండవచ్చు. అప్పటికీ కుదరకపోతే రీసెట్ దారుల ఫైల్లో ఎఫ్‌ఎల్‌ఆర్ తీసేసి బస్ ఒక్కటే ఉంచి చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మూడు సెట్టింగ్‌లు కలిపి మార్చి బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు, రేపు కెర్నల్ అప్‌డేట్‌తో మళ్లీ పాడైతే ఏది పోయిందో అంతకన్నా తెలియదు.

ఇంత చేశాక కూడా అడగాల్సిన ప్రశ్న ఒకటుంటుంది: ఈ వర్చువల్ మెషీన్‌కు డ్రైవ్‌ను నేరుగా ఇవ్వడం అవసరమా? హోస్టే డ్రైవ్‌ను ఉంచుకుని విర్ట్‌ఐఓ ద్వారా వర్చువల్ డిస్క్ ఇస్తే వేగంలో కొంత తగ్గుతుంది, కానీ వర్చువల్ మెషీన్ ఎన్నిసార్లు పడి లేచినా అసలు డ్రైవ్‌కు రీసెట్ తగలదు. స్నాప్‌షాట్ తీసుకోవచ్చు, మెషీన్‌ను ఇంకో సర్వర్‌కు తరలించవచ్చు. ఇంట్లో ఫొటోలు, సినిమాలు, చిన్న డేటాబేస్ నడిపేవారికి ఇదే సుఖం. స్మార్ట్ వివరాలు, డిస్క్ లోపాలు నేరుగా చూడాల్సిన జెడ్‌ఎఫ్‌ఎస్‌కు, ఆలస్యంలో మైక్రోసెకన్లు లెక్కపెట్టే పనులకు పాస్‌త్రూ అర్థవంతం. ఆ దారి ఎంచుకున్నవారు డ్రైవ్ కొనేముందు దాని వేగం కన్నా, ఆ మోడల్‌కు కెర్నల్‌లో క్విర్క్ ఉందా, అది ఏ ఏడాది చేరింది అన్నది చూసుకుంటే ఎన్నో రాత్రుల నిద్ర దక్కుతుంది.

కొత్త డ్రైవ్ వచ్చాక మొదటి వారం దానిమీద ఏ డేటా పెట్టకూడదు. ఖాళీ వర్చువల్ మెషీన్‌కు అప్పగించి పద్ధతిగా పదిసార్లు షట్‌డౌన్ చేసి లేపాలి, తర్వాత పదిసార్లు స్టాప్ నొక్కి బలవంతంగా ఆపి లేపాలి, పెద్ద ఫైలు రాస్తున్న మధ్యలో కూడా రెండుసార్లు ఆపి చూడాలి. ప్రతిసారీ హోస్ట్ లాగ్‌లో 1023 అనే అంకె కోసం వెతకాలి. ఇరవై రెండుసార్లలో అది ఒక్కసారి కనిపించినా, వర్చువల్ మెషీన్ ఆ తర్వాత మామూలుగా లేచినా సరే, ఆ తేదీ, ఆ ఫర్మ్‌వేర్ వెర్షన్, కెర్నల్ వెర్షన్ ఒక కాగితం మీద రాసి సర్వర్ పెట్టె పక్కన అతికించి ఉంచడం మంచిది.